ఆరడుగుల ట్యాంకుకి తేలే మొక్క: ఏది బాగా పెరుగుతుందని కాదు, ఏది తేలిగ్గా తీయొచ్చని చూడాలి

చేపల ట్యాంకు 6×2×2 అడుగులు. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ హాల్లో ఉంది. అంచు దాకా లెక్కేస్తే 680 లీటర్లు. పైన రెండంగుళాల ఖాళీ, అడుగున ఇసుక, మధ్యలో దుంగలు తీసేసి, కింద సంప్‌లో (ట్యాంకు నీళ్లు దిగి, పంపుతో మళ్లీ పైకి వెళ్లే తొట్టి) ఉన్నది కలుపుకుంటే తిరిగే నీళ్లు సుమారు 600 లీటర్లు. చేపలు: 10 ఏంజెల్స్, 40 విడో టెట్రాలు, 4 సక్కర్లు. మొక్కలు: వెనక గోడ వెంట వాలిస్నేరియా, దుంగల మీద అనూబియాస్, జావా ఫెర్న్. చెక్క హుడ్‌లో రెండు 36 వాట్ల ఎల్ఈడీ లైట్లు, నీటికి 12 సెంటీమీటర్ల ఎత్తులో. మధ్యలో అడ్డంగా గాజు బ్రేస్ ఉంది. కుడి చివర దువ్వెన పళ్ల ఓవర్‌ఫ్లో బాక్స్, అందులోంచి నీళ్లు సంప్‌లోకి.

యజమాని ఫిర్యాదులు మూడు. అద్దం తుడిచిన మూడు నాలుగు రోజులకే మళ్లీ పచ్చబడుతోంది. ఏంజెల్స్ లైటు వేయగానే దుంగ వెనక్కి పోతున్నాయి. వారం వారం 25 శాతం నీళ్లు మారుస్తున్నా నైట్రేట్ (మేత, చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో చేరేది) లీటరుకి 100 మిల్లీగ్రాముల దగ్గర నుంచి దిగడం లేదు. మూడోదానికి కారణం ట్యాంకులో లేదు, బోరులో ఉంది. నీళ్లు మార్చేది బోరు నీళ్లతో. ఆ నీళ్లకే టెస్ట్ కిట్ పెడితే నైట్రేట్ 40, టీడీఎస్ 700, పీహెచ్ 8. తాగునీటికి మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ నైట్రేట్‌కి పెట్టిన హద్దే 45. నలభై ఉన్న నీళ్లు పోస్తూ ట్యాంకుని నలభై కిందికి దించడం ఎంత మార్చినా జరగదు.

లెక్క ఇలా ఉంటుంది. రోజుకి 8 గ్రాముల మేత, అందులో 40 శాతం ప్రొటీన్. ప్రొటీన్‌ని 6.25తో భాగిస్తే నైట్రోజన్ వస్తుంది: దాదాపు 0.5 గ్రాము. చేప ఒంట్లో, అడుగు మడ్డిలో ఉండిపోయేది పోను సుమారు 60 శాతం నీళ్లలో కలుస్తుందనుకుంటే 0.3 గ్రాము. నైట్రేట్‌గా మారితే దాని బరువు 4.43 రెట్లు, అంటే రోజుకి 1.36 గ్రాములు. 600 లీటర్లలో రోజుకి లీటరుకి 2.3 మిల్లీగ్రాములు, వారానికి 16. నలభై ఉన్న బోరు నీళ్లతో వారానికి పావు వంతు మారిస్తే, పెరిగేది తగ్గేది సమానమయ్యే చోటు 104. కిట్ చూపించింది సరిగ్గా అదే చుట్టుపక్కల.

తేలే మొక్క పెట్టాలన్న ఆలోచన ఇక్కడ వచ్చింది. నీళ్ల లోపలి మొక్కలకి నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడే గతి, అది ఎప్పుడూ కొరతే. తేలే మొక్క ఆకు గాలిలో ఉంటుంది కాబట్టి ఆ కొరత లేదు, లైటుకి కూడా అదే దగ్గర. వేళ్లు మాత్రం నీళ్లలోని అమ్మోనియా, నైట్రేట్ లాగుతాయి. అందుకే అంత జోరు. కానీ లాగినది ఎక్కడికి పోతుంది? మొక్క ఒంట్లోనే ఉంటుంది. ఆ ఆకు కుళ్లితే మళ్లీ నీళ్లలోకే. నైట్రోజన్ నిజంగా ట్యాంకు దాటి బయటికి పోయేది మీరు మొక్కలు తీసి బకెట్లో వేసినప్పుడే. నీరు ఓడ్చిన కిలో మొక్కలో ఎండు పదార్థం 50 గ్రాములు, అందులో నైట్రోజన్ 3 శాతం వేసుకుంటే 1.5 గ్రాములు, నైట్రేట్ లెక్కలో 6.6 గ్రాములు. అంటే కిలో మొక్క తీస్తే ఈ ట్యాంకులో నైట్రేట్ 11 పాయింట్లు (లీటరుకి 11 మిల్లీగ్రాములు) తగ్గుతుంది.

కాబట్టి ఎంపికకి మొదటి ప్రశ్న: వారం వారం పది నిమిషాల్లో చేత్తో ఎంత తీయగలం, తీసినప్పుడు ఎంత వెనక మిగిలిపోతుంది? రెండో ప్రశ్న, హుడ్ కింద 12 సెంటీమీటర్లలో ఏది బతుకుతుంది? మూడోది, ఓవర్‌ఫ్లో దగ్గర ఏం చేస్తుంది? ఎరుపు వేళ్లు, అందమైన ఆకులు ఆ తర్వాత.

పక్కన పెట్టినవి

గుర్రపుడెక్క గురించి ఎక్కువ మాట్లాడే పని లేదు. దానికి ఎండ కావాలి, ఎత్తు కావాలి. ఇంట్లో కాడలు సాగి, తర్వాత కుళ్లుతాయి.

డక్‌వీడ్ నైట్రోజన్ లాగడంలో ఎవరికీ తీసిపోదు. అనుకూలిస్తే రెండు మూడు రోజుల్లో రెట్టింపవుతుంది. గోల్డ్‌ఫిష్ ట్యాంకుకైతే మంచిదే, చేపలే తినేస్తాయి. ఏంజెల్స్ దాని జోలికి పోవు. ఆకు కొన్ని మిల్లీమీటర్లే, ఓవర్‌ఫ్లో పళ్ల సందుల్లోంచి సంప్‌లోకి పోతుంది, చేతికి, వలకి, అద్దం తుడిచే మాగ్నెట్‌కి అంటుకుంటుంది. ఇక వద్దనుకున్న రోజున ఒక్క ఆకు మిగిలినా మళ్లీ మొదటికే.

అజొల్లా గురించి తరచూ అడుగుతారు, ఎందుకంటే పాడి ఉన్న ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది. ఈ పనికి అది పూర్తిగా తప్పు మొక్క. అజొల్లా ఆకు సందుల్లో ఉండే సయనోబాక్టీరియా గాలిలోని నైట్రోజన్‌ని పట్టి మొక్కకి ఇస్తుంది. వరి మళ్లలో దాన్ని వేసేది అందుకే. నీళ్లలో నైట్రేట్ ఉన్నా దాని మీదే ఆధారపడాల్సిన అవసరం లేని మొక్కని, నైట్రేట్ తగ్గించడానికి తెచ్చుకోవడం దేనికి? పైగా చచ్చి కుళ్లితే గాలి నుంచి తెచ్చిన నైట్రోజన్‌ని కూడా నీళ్లలోకి వదులుతుంది.

రెడ్ రూట్ ఫ్లోటర్ మన ఉసిరి, నేల ఉసిరి ఉన్న ఫిల్లాంథస్ కుటుంబంలోదే, పుట్టిల్లు అమెజాన్. ఫొటోలు చూసి కొంటారు. ఎరుపెక్కాలంటే లైటు బలంగా, నైట్రేట్ తక్కువగా, పైనీళ్లు కదలకుండా ఉండాలి. నైట్రేట్ 100 ఉన్న ట్యాంకులో అది పచ్చగానే ఉంటుంది. సంప్ ఉన్న ట్యాంకులో పైనీళ్లు నిలవవు.

సాల్వీనియా చిన్న రకాలు రెండో స్థానంలో ఉన్నాయి. ఆకు మీది నూగు నీటిని నిలవనివ్వదు, అందుకని కొద్దిపాటి ప్రవాహాన్ని, చుక్కల్ని మిగతావాటికంటే బాగా తట్టుకుంటుంది. కింద వేలాడేవి వేళ్లలా కనిపిస్తాయి కానీ అవి రూపు మారిన ఆకులే. ఇబ్బంది ఏమిటంటే కాడ పెళుసు, ప్రతి ముక్కా కొత్త మొక్క అవుతుంది. వడకట్టి తీయాలే తప్ప పట్టుకుని తీయలేం. కొనేటప్పుడు పెద్ద రకం మొలెస్టా రాకుండా చూసుకోవాలి. కేరళ కాలువల్ని ఆఫ్రికన్ పాయల్ పేరుతో కప్పేసింది అదే. అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకో మాట: మొలెస్టా అక్కడ ఫెడరల్ కలుపు జాబితాలో ఉంది. మిగతా తేలే మొక్కల సంగతి కూడా కొనేముందు మీ రాష్ట్రం నిబంధన చూసుకోండి.

నిజంగా పోటీ ఇచ్చింది అంతర తామర. ఒక్కో మొక్క పిడికిలంత, లెక్కపెట్టి తీయొచ్చు, వెనక ఏదీ మిగలదు. వేళ్ల గుబురు కింద ఏంజెల్స్ హాయిగా ఉంటాయి. హుడ్ లేకుండా లైటు పైనుంచి వేలాడదీసిన ట్యాంకు అయితే ఎంపిక ఇదే అయ్యేది. ఇక్కడ 12 సెంటీమీటర్లే ఉంది. ఆకు లేచి లైటుని తాకుతుంది, తాకిన అంచు మాడుతుంది. చెరువు నుంచి తెచ్చేవాళ్లు ఇంకోటి గమనించాలి. మాన్సోనియా దోమ పిల్లలు అంతర తామర, గుర్రపుడెక్క వేళ్లకి గుచ్చుకుని అక్కడి నుంచే గాలి పీల్చుకుంటాయి, పైకి రావు. చేపల్లేని తొట్టిలో ఈ మొక్క నిల్వ పెడితే, నీళ్ల మీద పురుగులు కనబడలేదు కదా అని ధీమా పడకూడదు.

నీటి ఉపరితలం బాగా కదిలే ట్యాంకులకి వాటర్ స్ప్రైట్‌ని తేల్చి పెంచడం మంచి దారి. ఆకు తడిసినా దానికి ఏమీ కాదు. ఒక్క తల్లి మొక్కే అడుగు వెడల్పు తిరుగుతుంది కాబట్టి ఇక్కడ వెలుతురు పంపకం చేయి దాటిపోయేది.

ఎంచుకున్నది: ఫ్రాగ్‌బిట్

లిమ్నోబియం లెవిగేటమ్, దుకాణాల్లో అమెజాన్ ఫ్రాగ్‌బిట్. రూపాయి బిళ్లంత గుండ్రటి ఆకు, అడుగున స్పాంజి లాంటి గాలి గదులు, నీటికి అతుక్కుని పడుకుంటుంది. 12 సెంటీమీటర్లు దానికి చాలు. పిల్లలు తీగతో తల్లికి తగిలి ఉంటాయి. ఒకదాన్ని పట్టి లాగితే అయిదారు కలిసి వస్తాయి. మనకి కావాల్సిన గుణం ఇదే. ఇంకో సౌకర్యం కూడా ఉంది. గుంపు ఇరుకైతే పడుకున్న ఆకులు మానేసి, కాడ మీద నిలబడే ఆకులు వేయడం మొదలుపెడుతుంది. నిలబడిన ఆకు కనిపించిందంటే కోత ఆలస్యమైందని అర్థం. క్యాలెండర్ అక్కర్లేదు.

దీని బలహీనత ఒక్కటే: ఆకు పైభాగం తడిగా ఉండిపోతే కుళ్లుతుంది. ప్రవాహం ముంచినా, గాజు మూత మీది ఆవిరి చుక్కలుగా పడినా అంతే. అందుకని ముందు ట్యాంకుని సిద్ధం చేయాలి, మొక్క తర్వాత.

గాజు మూతలు తీసేసి హుడ్ వెనక తలుపు తెరిచి ఉంచారు. లైట్లని హుడ్‌లోనే వీలైనంత పైకి జరిపారు. సంప్ నుంచి నీళ్లు తిరిగొచ్చే రిటర్న్ నాజిల్ ఉపరితలం వైపు చూస్తుండేది. దాన్ని 10 సెంటీమీటర్లు కిందికి దించి వెనక అద్దం వెంట తిప్పారు. తర్వాత, మొక్కలు చెదరకుండా ఒకచోట పట్టి ఉంచే తేలే ఫ్రేములు. బ్రేస్ అడ్డం ఉంది కాబట్టి ఒక్క పెద్ద ఫ్రేము లోపలికి పోదు, రెండు కావాలి. అర అంగుళం సీపీవీసీ పైపు, ఒక్కో ఫ్రేము 30×16 అంగుళాలు, మొత్తం పదహారు అడుగుల పైపు, ఎనిమిది ఎల్బోలు. సాల్వెంట్ వేసి అతికించి, ఒక రోజు ఆరబెట్టి, బాగా కడిగి, తొట్టిలో తేల్చి చూడాలి. ఒక్క అతుకు కారినా పైపులో నీళ్లు చేరి ఫ్రేము మునుగుతుంది, అది ట్యాంకులో తెలిస్తే పని రెండింతలు. రెండు ఫ్రేములూ కలిపి ఉపరితలంలో సుమారు 55 శాతం. మిగతాది ముందు వైపు పట్టీ, ఓవర్‌ఫ్లో ముందు ఒక అడుగు ఖాళీ. ఆక్సిజన్ లోపలికి వచ్చేది ఆ ఖాళీలోంచే. తేలే మొక్క తయారుచేసే ఆక్సిజన్‌లో చాలా భాగం గాలిలోకి పోతుంది, చేపకి అందేది కొంచెమే. పైగా పరుచుకుంటే గాలికీ నీటికీ మధ్య మూతలా పడుతుంది.

ఓవర్‌ఫ్లో ముందు 3 మిల్లీమీటర్ల కన్నుల ప్లాస్టిక్ మెష్, నీటిలోకి మూడంగుళాలు దిగేలా. ఫ్రేము కింద నుంచి చిన్న పిల్ల మొక్కలు జారిపోతూనే ఉంటాయి. అవి ఇక్కడ ఆగుతాయి.

మొక్కలు నేరుగా ట్యాంకులో వేయలేదు. ఒక గ్రాము పొటాషియం పర్మాంగనేట్‌ని లీటరు నీటిలో కలిపి, అందులోంచి 100 మిల్లీలీటర్లు పది లీటర్ల నీటిలో పోస్తే లీటరుకి 10 మిల్లీగ్రాములు వస్తుంది. వేళ్లు అందులో పది నిమిషాలు, ఆకు పైభాగం తడవకుండా. కడిగి, రెండు వారాలు తెల్లటి టబ్బులో. తెల్లటిదే ఎందుకంటే డక్‌వీడ్ ఆకు, నత్త గుడ్ల జిగురు, తూనీగ పిల్ల ఏవైనా తెల్ల అడుగు మీద వెంటనే కనపడతాయి. ఈ బ్యాచ్‌లో డక్‌వీడ్ వచ్చింది, వేళ్ల మధ్య ఇరుక్కుని. రోజూ చూసి పట్టకారుతో తీస్తే టబ్బులోనే తెగింది.

నడుస్తుండగా వచ్చిన తేడాలు

మొదట పాత ఆకులు పసుపు తిరిగి కరిగాయి. ఇది రోగం కాదు. బయటి ఎండ, తేమకి అలవాటైన ఆకులు ఇంటి లైటుకి నిలవవు. చూడాల్సింది కొత్త ఆకుని. కొత్తది చిన్నదైనా పచ్చగా, గట్టిగా ఉంటే మొక్క నిలదొక్కుకున్నట్టే. కరిగిన ఆకులు మాత్రం రెండు రోజులకోసారి ఏరేయాలి, లేదంటే అవే మెష్‌కి అడ్డం పడతాయి.

అదే జరిగింది. మెష్ మీద కుళ్లిన ఆకులు పేరుకుని నీళ్లు దిగడం తగ్గింది, ట్యాంకు మట్టం లేచింది, సంప్‌లో పంపు గాలి పీల్చి మోత పెట్టింది. నేల మీదికి రాకపోవడం అదృష్టం కాదు, లెక్క. పంపు గదిలో లాగడానికి అందే నీళ్లు 25 లీటర్లే. ట్యాంకు ఉపరితలం 1.1 చదరపు మీటరు. ఓవర్‌ఫ్లో పూర్తిగా మూసుకుపోయినా మట్టం రెండుంపావు సెంటీమీటర్లే పెరుగుతుంది. పైన ఖాళీ 5 సెంటీమీటర్లు ఉంది. సంప్ ఉన్న ఎవరైనా తేలే మొక్క వేసేముందు ఈ ఒక్క భాగహారం చేసుకోవాలి. పంపు గది పెద్దదై పైన ఖాళీ అర అంగుళమే ఉంటే, ఇలా ఒక ఆకు అడ్డం పడ్డ రాత్రి హాలంతా నీళ్లే.

ఆకులు పరుచుకున్నాక వాలిస్నేరియా పలచబడింది. ఫ్రేములు వెనక అద్దానికి ఆనుకుని ఉండటంతో దాని మీదికి వెలుతురు పోయింది. ఫ్రేముల్ని నాలుగంగుళాలు ముందుకి జరిపి సక్షన్ కప్పులతో ఆపారు. వెనక నాలుగు, ముందు నాలుగు అంగుళాల పట్టీ మిగిలింది. వాలిస్నేరియా కోలుకుంది. అనూబియాస్, జావా ఫెర్న్‌లకి నీడే మేలు చేసింది, ఆకుల మీది నల్ల నాచు ఆగింది.

ఇంకో నెల గడిచాక కొత్త ఆకులు ఈనెలు పచ్చగా, మధ్య భాగం పాలిపోయి వచ్చాయి. ఇనుము కొరత. పాత ఆకు ముందు పసుపైతే నైట్రోజన్ కొరత అనుకోవాలి, ఇంత నైట్రేట్ ఉన్న నీళ్లలో అది కుదరదు. ఇక్కడ అందరూ తప్పటడుగు వేసే చోటు ఒకటుంది: దొరికిన చెలేటెడ్ ఐరన్ (మొక్కకి అందేలా ఇనుముని ఒక రసాయనం పట్టి ఉంచే ఎరువు) తెచ్చి వేయడం. ఎరువుల దుకాణంలో ఎక్కువగా దొరికేది ఈడీటీఏ రకం. పీహెచ్ 6.5 దాటితే దాని పట్టు సడలుతుంది, ఇనుము మొక్కకి అందకుండా పోతుంది. మన బోరు నీళ్లకి డీటీపీఏ రకం కావాలి, 7.5 దాకా ఆగుతుంది. ఎనిమిదిలో అదీ ఎక్కువ సేపు నిలవదు కాబట్టి వారం మోతాదుని మూడు భాగాలు చేసి వేయాలి. 11 శాతం ఇనుమున్న డీటీపీఏ 0.55 గ్రాము వేస్తే 600 లీటర్లలో లీటరుకి 0.1 మిల్లీగ్రాము. దాంతో పాటు వారానికి 7 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్, 0-0-50 అని సంచి మీద ఉండేది, అంటే పొటాషియం లీటరుకి 5 మిల్లీగ్రాములు. కాల్షియం, మెగ్నీషియం బోరు నీళ్లలో కావాల్సినంత ఉన్నాయి. ఆర్వో నీళ్లు వాడేవాళ్లకి ఆ మాట వర్తించదు.

తేలే గుళికల మేత వేళ్లలో చిక్కి కుళ్లడం చిన్న సమస్య. ముందు పట్టీలోనే, మునిగే గుళికలు వేస్తే పోయింది. ఆ అలవాటుతో మేత రోజుకి 8 నుంచి 6 గ్రాములకి తగ్గింది కూడా.

మే నెలలో నీళ్లు 30 డిగ్రీలు దాటాయి. ఆ వేడిలో నీళ్లు పట్టగలిగే ఆక్సిజనే లీటరుకి 7.5 మిల్లీగ్రాముల లోపు. కరెంటు పోయిన ఒక తెల్లవారుజామున ఏంజెల్స్ ఖాళీ పట్టీ కింద చేరి పైనీళ్లు మింగడం మొదలుపెట్టాయి. అప్పటి నుంచి ఎండాకాలం కవర్ (ఆకులు కప్పే భాగం) 40 శాతమే, బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా. గాలి రాయిని ఖాళీ పట్టీ కిందే పెట్టాలి. బుడగలు ఫ్రాగ్‌బిట్ కింద పగిలితే ఆకులు తడిసి కుళ్లుతాయి.

చేపలకి జబ్బు చేసి ఉప్పు గానీ రాగి మందు గానీ వేయాల్సి వస్తే, మందుకి ముందు మొక్కలన్నీ టబ్బులోకి. లీటరుకి గ్రాము, రెండు గ్రాముల ఉప్పుకే ఇవి వాడిపోతాయి, వాడినవి కుళ్లి జబ్బు చేపల మీద అమ్మోనియా భారం వేస్తాయి.

కోత, ఫలితం

వారానికోసారి మూడో వంతు. కోతకి పాత, మచ్చలున్న తల్లుల్ని తీయాలి, లేత పిల్లల్ని ఉంచాలి. అందరూ దీనికి తలకిందులుగా చేస్తారు, పెద్దవి అందంగా ఉన్నాయని. నిండా లాగేది ఎదిగే మొక్కే. సగం కంటే ఎక్కువ ఒకేసారి తీయకూడదు, ఒక్కసారిగా వెలుతురు పడితే అద్దం మీద నాచు తిరిగొస్తుంది. తీసినవి జల్లెడలో పది నిమిషాలు ఓడ్చి వంటింటి కాటా మీద తూచి రాసుకోవాలి. తూకం పడిపోతే నెలరోజుల తర్వాత కాదు, ఆ వారమే ఇనుమో లైటో చూసుకోవచ్చు.

ఈ ట్యాంకులో వారానికి వచ్చేది 500 నుంచి 700 గ్రాములు. నైట్రేట్‌లో ఆరేడు పాయింట్లు. మేత తగ్గించాక వారానికి చేరేది 12. అంటే మొక్కలు మోసేది సగం బరువే. మిగతా సగానికి నీళ్లు మార్చక తప్పదు, అదీ బోరుతో మారిస్తే లెక్క 62 దగ్గర ఆగుతుంది. అందుకని సగం మంజీరా నల్లా నీళ్లు, ఒక రోజు ముందు డ్రమ్ములో పట్టి క్లోరిన్ విరుపు మందు వేసి, సగం బోరు. ఆ మిశ్రమంలో నైట్రేట్ 22. ఇప్పుడు కిట్ 40, 50 మధ్య చూపిస్తోంది. తేలే మొక్క వేస్తే నీళ్లు మార్చక్కర్లేదని చెప్పి అమ్మేవాళ్లకి ఈ లెక్క చూపించండి.

అద్దం ఇప్పుడు రెండు వారాలకోసారి తుడిస్తే సరిపోతోంది. దీన్ని నైట్రేట్ ఖాతాలో వేయకూడదు. యాభై ఉన్న నీళ్లలో నాచుకి తిండి కరువేమీ లేదు, తగ్గింది వెలుతురు. ఏంజెల్స్ పగలంతా ఆకుల నీడలో బయటే తిరుగుతున్నాయి.

కోసినవి చెరువులో, కాలువలో, డ్రైనేజీలో వేయకూడదు. కాలిఫోర్నియా డెల్టాలో ఫ్రాగ్‌బిట్‌ని ఏరించడం ఇప్పటికే ప్రభుత్వానికి పని అయింది. మేడ మీద రెండు రోజులు ఎండబెట్టి కుండీల కంపోస్టులో కలిపేస్తే చాలు.

ఊరెళ్లేముందు చేయాల్సింది వేరు. రెండు వారాలు ఇంట్లో ఉండకపోతే, బయల్దేరే ముందు రోజు కవర్‌ని పావు వంతుకి కోసేయాలి, లైటు టైమర్ 8 గంటల నుంచి 6కి తగ్గించాలి, మెష్ కడగాలి, ఇనుము వేయకూడదు. చేపలకి మేత పెట్టడానికి వచ్చే మనిషికి మొక్కల పని చెప్పకండి. మెష్ ముందు ఆకులు కనిపిస్తే తీసేయమని మాత్రం చెప్పండి, ఏ మెష్ అన్నది చూపించి మరీ.